ముందుగా కాలికే తెలుస్తుంది

కారు కొంటే మా వైపు వాళ్లు ముందు అన్నవరం తీసుకొస్తారు. సత్యదేవుడి దర్శనం, చక్రాల కింద నిమ్మకాయలు, చేతిలో ప్రసాదం పొట్లం. ఆ తర్వాత రత్నగిరి ఘాట్ రోడ్డు దిగాలి.

ఒక కార్తీక మాసంలో పాత కారులో ఆ రోడ్డు దిగుతున్నాను. రద్దీ వల్ల పెడల్ మీంచి కాలు తీయలేదు. చివరి మలుపులో బ్రేక్ మెత్తగా తగిలింది. రెండుసార్లు తొక్కితేగాని పట్టలేదు. సెకండ్ గేర్‌లో దించి, హైవే పక్కన షెడ్డులో ఆపాను. పెద్ద మేస్త్రి వచ్చేసరికి పెడల్ మళ్లీ గట్టిగా ఉంది. "ఇప్పుడేం లేదండీ" అన్నాను సిగ్గుపడుతూ.

ఆయన బానెట్ ఎత్తలేదు. "మెత్తబడింది కొండ దిగేటప్పుడేనాండి? చల్లారాక సర్దుకుందా?" అని అడిగి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ముందు చక్రం ఒకటి సెగలు కక్కుతోంది. కాలిపర్ పట్టేసి, బ్రేక్ వదలడం లేదు. "కొండ చిన్నదేనండి, ఆయిలే ముసలిదైపోయింది" అన్నాడు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తబడుతుంది. చల్లారితే ఆవిరి పోతుంది, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది.

అప్పటినుంచి నా కాలు చెప్పేది వింటున్నాను. పెడల్ ఎప్పుడూ మెత్తగానే ఉంటే లైన్‌లో గాలి పట్టిందేమో చూడాలి. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టినప్పుడు మెల్లగా కిందికి దిగిపోతుంటే, ఆయిల్ బయట కారకపోయినా మాస్టర్ సిలిండర్ వాషర్లను అనుమానించాలి. రాయిలా బిగుసుకుంటే బూస్టర్. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త దిగాలి. దిగకపోతే బూస్టర్‌కో, దాని వాక్యూమ్ పైపుకో జబ్బు చేసినట్టే. మామూలుగా ఆపుతున్నప్పుడు పాదం కింద అదురుతుంటే డిస్క్ అరుగుదల సమంగా లేదన్నమాట.

మెకానిక్‌తో "బ్రేక్ బాగాలేదు" అని ఊరుకోకండి. ఎక్కడ, ఎప్పుడు, కాలికి ఎలా తగిలిందో చెప్పండి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి. కొండ దిగేటప్పుడు ఇంజిన్ ఆపకండి, చిన్న గేర్‌లో దిగండి. బయల్దేరే ముందు, బండి కదలకముందే, ఒక్కసారి పెడల్ తొక్కి పది సెకన్లు పట్టి ఉంచండి.