వరవిక్రయము: నాటకము, చిత్రము

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ను చూచువారు మొదట నవ్వుదురు. పిసినారి సింగరాజు లింగరాజు మాటలట్టివి. ఆ నవ్వు ఆఱకమునుపే కాళింది ప్రాణములు తీసికొనును. తండ్రి ఆస్తి నమ్ముకొని తనకు వరుని కొనుట ఆమె సహింపలేకపోయెను. పద్యములతో, హాస్యముతో సాగు ఈ నాటకమున ఆ చావు అతుకు కాదు. మనము నవ్విన లోభమునకు ఫలమే అది.

1939లో సి. పుల్లయ్యగారు దీనిని చలనచిత్రముగా తీసిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు లింగరాజైరి. నాటి రంగస్థలమున స్త్రీవేషములను తఱచుగ పురుషులే ధరించెడివారు; చిత్రమున కాళిందియైనది ఇంచుమించు 14 ఏండ్ల భానుమతి. అదియే ఆమె తొలి చిత్రము. వేషమునకు మాఱుగా పసిబిడ్డ ముఖమే ప్రేక్షకుల కెదురుపడినది. చిత్రము నాటకమునకు చేర్చిన బలమిదియే.

పిమ్మట చెల్లెలు కమల ఆ వరునే పెండ్లాడి, సొమ్మిచ్చి కొన్నవాడు తమ యింటనే యుండవలెనని వాదించును. మనము చప్పట్లు చఱతుము. కాని కాళింది తిరిగి రాదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను మా కరీంనగరమున బేరములు వినబడుచునే యున్నవి. సోదరులారా, లింగరాజును చూచి నవ్వుదము. పిదప మన కుమారుని పెండ్లిమాటలనాడు అతడెవరి నోట మాటాడునో వినుదము.