ఈవా స్మిత్‌కి జాలి చాలదు

జె.బి. ప్రీస్ట్‌లీ నాటకం 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్' పాఠం చెప్పిన ప్రతి ఏడూ చివరి క్లాసులో ఒకటే ప్రశ్న వేసేదాన్ని: ఈ నాటకంలో మీ సానుభూతి ఎవరికి? ఎక్కువమంది షీలా పేరే చెప్పేవాళ్ళు. నా మనసులో ఉన్న జవాబూ అదే. ఒక ఏడాది మాత్రం వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "షీలా మనముందు ఏడ్చింది కాబట్టేనా మేడమ్? ఈవా ఏడుపు మనకి వినబడలేదు కాబట్టేనా?" అంది. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఇది ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

నాటకం మొదట 1945లో మాస్కోలో, 1946లో లండన్‌లో ప్రదర్శించారు. కథ జరిగేది 1912లో, బ్రమ్లీ అనే ఊహా పట్టణంలో. ఫ్యాక్టరీ యజమాని బిర్లింగ్ ఇంట్లో కూతురు షీలాకి, జెరాల్డ్‌కి నిశ్చితార్థపు విందు. మధ్యలో ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈవా స్మిత్ అనే అమ్మాయి క్రిమిసంహారక మందు తాగి చనిపోయిందంటాడు. ఆ చావులో ఆ ఇంట్లో తలా ఒక చెయ్యి వేశారని ఒక్కొక్కటిగా బయటపడుతుంది. జీతం పెంచమని సమ్మె చేసినందుకు తండ్రి ఆమెని పనిలోంచి తీసేశాడు. బట్టల షాపులో తనని చూసి నవ్విందని షీలా ఫిర్యాదు చేసి ఆ ఉద్యోగమూ పోగొట్టింది. జెరాల్డ్ ఆదుకుని, కొన్నాళ్ళు ఉంచుకుని, వదిలేశాడు. ఎరిక్ తాగిన మత్తులో, ఆమె వద్దంటున్నా గదిలోకి జొరబడ్డాడు. గర్భంతో సాయం అడగడానికి వెళ్తే, మహిళల ధర్మసంస్థలో పెత్తనం చేసే తల్లి తలుపు మూయించింది.

షీలాని తక్కువ చెయ్యను. ఆ ఇంట్లో ముందుగా తప్పు ఒప్పుకున్నది ఆమె. ఉంగరం తిరిగి ఇచ్చేసింది. ఇన్‌స్పెక్టర్ నిజం పోలీసు కాదని తెలిసి మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటుంటే, జరిగింది జరగకుండా పోతుందా అని నిలదీసింది. బ్రిటన్‌లో ఆడవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేని రోజులవి. పెళ్ళి పేరుతో రెండు వ్యాపారాల మధ్య మారుతున్న సరుకు తనేనని ఆ అమ్మాయికి ఆ రాత్రే అర్థమవుతుంది. అదంతా నిజమే. కానీ పశ్చాత్తాపానికి కూడా ఒక వసతి కావాలి. మారడానికి షీలాకి ఒక ఇల్లుంది, కన్నవాళ్ళున్నారు, రేపు అనేది ఉంది. ఈవాకి అవేవీ లేవు.

నేను ఇన్నేళ్ళు షీలా వైపు ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక చీరల షాపులో, నాలుగు చీరలు విప్పి చూపించాక ఐదోది తియ్యడానికి ఒక సేల్స్ గర్ల్ విసుక్కుంది. బిల్లు కట్టేటప్పుడు కౌంటర్లో ఉన్నాయనతో, "ఆ అమ్మాయికి మర్యాద నేర్పండి" అన్నాను. ఆ రోజు నాకు స్టాఫ్ రూమ్‌లో జరిగిన అవమానం తాలూకు కోపం అది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి కనబడలేదు. ఏమైందని నేను అడగలేదు. షీలాని క్షమించిన ప్రతిసారీ నేను క్షమించుకుంటున్నది నన్నే.

ఇప్పుడు ఈవా దగ్గరికొస్తాను. ఆమె బాధితురాలు మాత్రమే అనుకుంటే ఆమెకి ఇంకో అన్యాయం చేసినట్టే. సమ్మెకి ముందు నిలబడ్డ నలుగురైదుగురిలో ఆమె ఒకతె. ఎరిక్ ఇస్తున్నది దొంగసొమ్మని తెలిశాక, కడుపులో బిడ్డని పెట్టుకుని కూడా, ఇక తీసుకోనంది. తను చెయ్యని తప్పు బరువుని తన తలకెత్తుకున్న మనిషి నాటకం మొత్తంలో ఆమె ఒక్కతే. విచిత్రం చూడండి, మిసెస్ బిర్లింగ్ నమ్మలేనిది సరిగ్గా ఆ మాటే. అలాంటి పిల్ల డబ్బు వద్దనడమేమిటని ఆమె అనుమానం. పేదరాలికి ఆకలి ఉండొచ్చు కానీ నీతి ఉండకూడదన్నమాట.

ప్రీస్ట్‌లీతో నాకు పేచీ కూడా ఇక్కడే. అందరి పాపాన్నీ లెక్కగట్టిన ఈ నాటకంలో ఈవాకి ఒక్క ప్రవేశం లేదు, ఒక్క మాట లేదు. ఆమె గురించి మనకి తెలిసిందల్లా ఆమెని గెంటినవాళ్ళ నోటి నుంచి, ఇన్‌స్పెక్టర్ చదివానంటున్న డైరీ నుంచి. యజమాని, షీలా, జెరాల్డ్, అందరూ ముందు గుర్తుచేసుకునేది ఆమె అందాన్నే. ఆమె లేకపోవడమే నాటకం బలమని విమర్శకులు అనొచ్చు, కాదనను. కానీ కళ్ళముందే ఉన్న ఎడ్నా సంగతేమిటి? పనమ్మాయి ఎడ్నా బల్ల సర్దుతుంది, ఇన్‌స్పెక్టర్ వచ్చాడని చెబుతుంది, వెళ్ళిపోతుంది. లోకంలో లక్షలాది ఈవా స్మిత్‌లున్నారని ఇన్‌స్పెక్టర్ హెచ్చరిస్తాడు. వాళ్ళలో ఒకతె ఆ ఇంట్లోనే ఉంది. ఆమెకి జీతమెంతని ఎవరూ అడగరు, పశ్చాత్తాపంతో కుమిలిపోతున్న షీలా కూడా.

ఎవరి మీద ఎక్కువ జాలి అన్న నా ప్రశ్నలోనే తప్పుంది. జాలి పైనుంచి కిందకి కారేది. పడేవాళ్ళని మంచివాళ్ళని చేస్తుంది, అందుకునేవాళ్ళని ఉన్నచోటే ఉంచుతుంది. మిసెస్ బిర్లింగ్ సంస్థ నడిచింది కూడా జాలి మీదే, యోగ్యులనుకున్నవాళ్ళకే ఇచ్చే జాలి. నేను సానుభూతికి మార్కులు వేస్తూ క్లాసులో నడిపింది అలాంటి సంస్థనే.

అందుకని ఆ విద్యార్థినికి నా జవాబు ఇది. షీలా మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది, కానీ అది నామీద నాకున్న ప్రేమలో భాగం. ఈవాకి ఇవ్వాల్సింది గౌరవం. ఆమె ఎవరినీ జాలిపడమని అడగలేదు. 22 షిల్లింగుల 6 పెన్నీల వారం జీతాన్ని 25 షిల్లింగులు చెయ్యమంది. ఆమె అడిగింది రెండున్నర షిల్లింగులు.