మన పురాణం మనకు చెప్పినోళ్ళు

నీ మూలాలు నువ్వు తెలుసుకో అని ఉద్యమంలో అందరం అంటాం. మూలాలంటే గర్వపడే సంగతులే అనుకుంటే ఆ మాటతో ఒరిగేది తక్కువ. మాదిగోడిగా నా వెనకాల డప్పుంది, లంద ఉంది, జాంబవంతుని పురాణం ఉంది. ఆ పురాణం చెప్పినోణ్ణి వాడకట్టు అవతల కూసోబెట్టిన ఆచారం కూడా ఉంది. అన్నీ కలిపి చదివితేనే పక్కోడితో సమానంగా మాట్లాడే సోయి వస్తది. ఈ మాట చెప్పడానికి రెండింటిని పక్కపక్కన పెడతాను. ఒకటి జాషువా గబ్బిలం. రెండోది మా వాడలో విన్న జాంబపురాణం.

గబ్బిలం 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడు విరహంతో మేఘాన్ని పంపితే, జాషువా నాయకుడు ఆకలితో, అంటరానితనంతో గబ్బిలాన్ని పంపాడు. ఆ నాయకుడు అరుంధతీ సుతుడు, అంటే మావాడు. మనిషికి గుడి తలుపు మూసి, గబ్బిలానికి గర్భగుడి దాకా దారి విడిచిన ధర్మాన్ని ఆ ఒక్క ఎంపికతోనే జాషువా బోనెక్కించాడు. అగ్రవర్ణ పండితులు తమ సొత్తనుకున్న పద్యంతోనే వాళ్ళని నిలదీశాడు. అది చిన్న పని కాదు. అయితే వినతి ఎవరికి పోయింది? శివుడికి. న్యాయం ఎవరిస్తారు? శివుడు. మావాడు ఫిర్యాదిదారుగా నిలబడ్డాడు. తీర్పు మాత్రం పైవాడి చేతిలోనే ఉండిపోయింది.

కాలేజీలో ఈ పద్యాలు చదివేనాటికే నా చెవుల్లో ఇంకో కథ ఉంది. "భూమి పుట్టకముందు ఆర్నెల్లకే పుట్టిండురా మన తాత జాంబవంతుడు" అనేది మా అవ్వ. ఆమెకు అక్షరం రాదు. చిందోళ్ళ ఆటలో, డక్కలోళ్ళ నోట విని గుర్తు పెట్టుకుంది. ఆ కథలో జాంబవంతుడు బ్రాహ్మణునితో వాదానికి దిగుతడు. దేవుళ్ళు పుట్టకముందటి సంగతులు వాళ్ళకే చెప్తడు. గబ్బిలంలో మావాడు గుడి బయట నిలబడి అడిగితే, జాంబపురాణంలో ఇంటి పెద్దగా కూసోని చెప్తడు. ఒకే కులం మనిషికి ఇవి రెండు నిలువులు. చదువుకున్న మాకు మొదటిదే పాఠంగా వచ్చింది. రెండోది పుస్తకంలో లేదు కాబట్టి సాహిత్యం కాదన్నారు.

పనిని కూడా అట్లాగే చూశారు. మా నాయిన లంద దగ్గర నిలబడితే ఊరోళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. పచ్చితోలును సున్నం నీళ్ళలో నానబెడితే వెంట్రుక ఊడుతది. తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెడితే తోలు కుళ్ళదు, గట్టిపడుతది. ఏ తోలు ఎన్ని దినాలు ఊరాలో మా నాయిన చేత్తో నొక్కి చెప్పేటోడు. మోటకు తోలుబొక్కెన, ఎద్దుకు పట్టెడ, రైతుకు చెప్పులు ఆ లందలోంచే వచ్చాయి. ఊరి ఎవుసం దాని మీద నడిచింది. దాన్ని విద్య అని మా ఇంట్లో కూడా ఎవరూ అనలేదు.

అట్లాగని పురాణాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాల్నా? నేనట్లా అనను. చెప్పేటోళ్ళని బట్టి ఈ కథ మారుతది. కొన్ని చెప్పుళ్ళలో కామధేనువు కథ వస్తది. ఆవు పాలు ఇంత తియ్యగుంటే మాంసం ఇంకెంత బాగుంటదోనని ఆశపడ్డారంటరు. ఆవును కోశారంటరు. ఆ శాపంతోనే కిందికి పడ్డామంటరు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆర్నెల్ల ముందు పుట్టిన పెద్దమనిషి ఆవు కూరతో అంటరానోడు ఎట్లయిండు? మనం తినే తిండిని పాపం చేసి, మన పతనానికి మననే కారణం చేసిన ఈ ముక్క బ్రాహ్మణ ధర్మానికి బాగా పనికొచ్చేది. మన కథలోకి మన శత్రువు వాదం కూడా వచ్చి కూసుంది. మనదైనంత మాత్రాన దాన్ని ప్రశ్నించకుండా విడిచిపెట్టొద్దు.

ఇంకో ప్రశ్న కథ లోపల దొరకదు. కథ ఎక్కడ కూసోని చెప్పారో అక్కడ దొరుకుతది. డక్కలోళ్ళు మా వాడకట్టులోకి వచ్చేవాళ్ళు కాదు. అవతల చింతచెట్టు కింద దిగేవాళ్ళు. మిరాశి అక్కడికే పోయేది, బువ్వ అక్కడికే పోయేది. పెట్టేటోళ్ళు చేయి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు. "వాళ్ళు మన బిడ్డలే, కని లోపలికి రావొద్దు" అనేది అవ్వ. ఊరు మమ్మల్ని పెట్టినంత దూరాన్నే మావాళ్ళు వాళ్ళకు కొలిచి పెట్టారు. మా తాతను భూమి కంటే పెద్దజేసి పాడినోడికి మా గడప లేదు. నిచ్చెనమెట్ల అసమానత అని అంబేద్కర్ చెప్పింది ఇదే. ప్రతి మెట్టు మీదోడికీ తన్నేవాడు పైన ఉంటడు, తన్నడానికి ఒకడు కింద ఉంటడు.

ఈ సంగతి తెలిస్తే మాటతీరు మారుతది. హాస్టల్లో నా గదిలో గుంటూరు వైపు మాల మిత్రుడు ఉండేవాడు. వాళ్ళది లూథరన్ చర్చి కుటుంబం. "మాకు ఈ పురాణాలు తెలీవన్నా, మేం పాటల పుస్తకంతో పెరిగాం" అనేవాడు. ఇద్దరం దళితులమే, అయినా మా ఇళ్ళల్లో రాత్రి వినపడే పాటలు వేరు. వాళ్ళ అమ్మమ్మకు బైబిలు కోసం అక్షరం వచ్చింది. మా అవ్వకు కథ వచ్చింది, అక్షరం రాలేదు. ఇది మాట్లాడుకున్నాకనే 1994లో మొదలైన దండోర ఎందుకొచ్చిందో అతనితో కోపం లేకుండా చెప్పగలిగాను. అతనూ తన భయం దాచుకోకుండా చెప్పాడు.

వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు చేసుకోవచ్చంది. 2025లో తెలంగాణ ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. మాలలతో మేము ముప్పై ఏండ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నే ఇప్పుడు చిందు, డక్కలి, మాస్టీ, బైండ్ల పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు. ఒక సభలో డక్కలి పిల్లగాడు లేచి, "మీ పురాణం మేం చెప్పినం. మా పురాణం ఎవరు చెప్తరన్నా?" అన్నాడు. వేదిక మీదున్న మాదిగ పెద్దలెవరూ జవాబు చెప్పలేదు.

డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర దేశమంతా చూసింది. మాదిగవాడలో ఎన్ని ఇండ్లు ఆ కిన్నెరను లోపలికి పిలిచాయో మనమే లెక్క తీయాలి. దళిత సాహిత్యం చదివే విద్యార్థులు గబ్బిలాన్ని జాంబపురాణంతో కలిపి చదవాలి. ఆ పురాణాన్ని డక్కలోళ్ళ నోట వినాలి, వాళ్ళ పేరు మీదనే అచ్చేయాలి. పోయినప్పుడు వాళ్ళింట్లో కూసోని బువ్వ తినాలి. మనం కథ అడిగేముందు, వాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నరో అడగాలి. ఆ జవాబు మనకు నచ్చకపోవచ్చు. దాన్ని కూడా రాసుకోవాలి.