టెలోమియర్లకు బూటులేసు పోలిక చాలునా?

క్రోమోసోముల కొసలను గూర్చి పాఠం చెప్పేటప్పుడు మనం తరచుగా ఒక పోలిక వాడుతున్నాము. బూటులేసు కొసన చిన్న గొట్టం వంటి తొడుగు ఉంటుంది. అది ఊడిపోతే లేసు పోగులు పోగులుగా విడిపోతుంది. క్రోమోసోము కొసన ఉండే టెలోమియరు కూడా అట్టిదేననీ, అది అరిగిపోవడమే ముసలితనమనీ చెప్పి పాఠం ముగిస్తాము. తిరువూరులో నేను కూడా చాలాకాలం ఇట్లాగే చెప్పాను. ఒకనాడు ఒక విద్యార్థి, "అయితే టెలోమియర్లను పొడుగు చేసే మందు మింగితే చావు ఉండదా, మాస్టారూ?" అని అడిగాడు. తరగతి నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. నేను చెప్పిన పోలికే అతణ్ణి అక్కడికి తీసుకుపోయింది. అందుచేత ఈ పోలికలో నిజమెంత, లోపమెంత అన్నది పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా దాని గుణం చెప్పుకోవాలి. మన కణంలో 46 క్రోమోసోములు, అనగా 92 కొసలు ఉన్నవి. ప్రతి కొసన టీ-టీ-ఏ-జీ-జీ-జీ అనే ఆరక్షరాల డీ.ఎన్.ఏ. మాట వేలసార్లు వరుసగా వస్తుంది. కణం విభజన చెందినప్పుడు డీ.ఎన్.ఏ.కు నకలు తీసే యంత్రాంగం చిట్టచివరి ముక్కను పూర్తిగా నకలు తీయలేదు. కనుక విభజన జరిగినకొద్దీ కొస కొంచెం కొంచెంగా తరుగుతుంది. తరగడమనే ఈ సంగతిని బూటులేసు తొడుగు పిల్లలకు సులభంగా చూపగలదు. అంతవరకు మెచ్చుకోవచ్చును.

ఇక మొదటి లోపం. కొసకు ఉన్న పెద్ద ప్రమాదం పోగులుగా విడిపోవడం కాదు, మరొక కొసతో అతుక్కుపోవడం. దీనిని మొదట చూపినవారిలో బార్బరా మెక్లింటాక్ ఒకరు. ఆమె మొక్కజొన్న మీద పనిచేశారు. తెగిన క్రోమోసోముల కొసలు ఒకదానితో ఒకటి అతుక్కుంటవనీ, విభజనలో రెండువైపులకు లాగబడి మళ్ళీ తెగుతవనీ, మళ్ళీ అతుక్కుంటవనీ 1940 ప్రాంతంలో వివరించారు. కాని సహజమైన కొసలు అట్లా అతుక్కోవు. ఈగల మీద ఎక్స్‌రే ప్రయోగాలు చేసిన హెర్మన్ ముల్లర్ కూడా సహజమైన కొసకు ఏదో ప్రత్యేకత ఉన్నదని గ్రహించి 1938లో దానికి టెలోమియరు అని పేరు పెట్టారు.

ఈ ప్రత్యేకతను చెప్పడానికి బూటులేసుకంటె మన ఇళ్ళలోని పలుపుతాడే మేలు. ఒక పాలేరు ఉన్నాడనుకోండి. తెగిన తాడు ఎక్కడ కనబడినా ముడివేయడమే అతని పని. పనిమంతుడే, కాని చీకట్లో రెండు ఎడ్ల పలుపుల కొసలను చూచి, తెగినవనుకొని కలిపి ముడివేశాడు. తెల్లవారి ఎడ్లు చెరొక దిక్కుకు లాగితే తాడు ఎక్కడో ఒకచోట పుటుక్కుమంటుంది. అతడు మళ్ళీ ముడివేస్తాడు. తెగిన డీ.ఎన్.ఏ.ను అతికించే యంత్రాంగం మన కణంలో ఇటువంటి పాలేరే. "ఇది తెగిన కొస కాదు, అసలు కొసే" అని అతనికి తెలిపే గుర్తు ఒకటి కావాలి.

ఆ గుర్తు కేవలం డీ.ఎన్.ఏ. వరుస కాదు, దానిమీద కూర్చున్న ప్రోటీనుల కూటమి. దీనికి 2005లో టిటియా డి లాంగె షెల్టరిన్ అని పేరు పెట్టారు. ఇందులో ఆరు ప్రోటీనులు ఉన్నవి. టీఆర్ఎఫ్1, టీఆర్ఎఫ్2 జంటపోగుల డీ.ఎన్.ఏ.ను పట్టుకుంటవి. పాట్1 కొసన మిగిలిన ఒంటిపోగును కప్పుతుంది. టిన్2, టీపీపీ1 వీటినన్నిటినీ కలిపి ఉంచుతవి. ర్యాప్1 టీఆర్ఎఫ్2ను అంటిపెట్టుకొని ఉంటుంది. కొస వెనుకకు మడిచి ఉచ్చువలె లోపల దోపబడి ఉంటుందని 1999లో తెలిసింది. ఆ ఉచ్చు ఏర్పడడానికి టీఆర్ఎఫ్2 ముఖ్యం. టీఆర్ఎఫ్2ను పనిచేయకుండా చేసిన కణాలలో టెలోమియరు వరుసలు అలాగే ఉండగానే కొసలు అతుక్కుపోయినవి. అరగకుండానే కొస చెడిందన్నమాట. తొడుగు పోలిక ఈ సంగతిని చెప్పలేదు.

రెండవ లోపం మరింత హానికరమైనది. అరగడం చెడు అన్నప్పుడు, పొడుగు మంచిదని విద్యార్థి అనుకోక తప్పదు. నిజం అది కాదు. టిన్2 జన్యువులో మార్పు వస్తే టెలోమియర్లు మిక్కిలి పొట్టివై, ఎముకల మజ్జలో రక్తకణాలు తయారు కాని వ్యాధి పసివాళ్ళకే రాగలదని 2008లో కనుగొన్నారు. ఇట్టివారికి మజ్జ మార్పిడి చేసేముందు, మజ్జ ఇచ్చే తోబుట్టువుకు కూడా అదే లోపం ఉన్నదేమో చూడవలసి ఉంటుంది. అది తెలియక చేస్తే చికిత్సే వ్యర్థం కావచ్చును. ఇది ఒకవైపు. పాట్1 జన్యువు చెడిన కొన్ని కుటుంబాలలో టెలోమియర్లు అతిగా పొడుగై, మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ వస్తున్నదని 2014లో తెలిసింది. 2023లో వెలువడిన మరొక పరిశోధన ఇటువంటివారిలో పలురకాల గడ్డలనూ, రక్తకణాల మార్పులనూ చూపింది. క్యాన్సర్లలో నూటికి 85 నుంచి 90 వరకు టెలోమియరును పొడిగించే టెలోమరేస్ అనే ఎంజైమును వాడుకుంటున్నవి. ప్రయోగశాలల్లో పెంచే చిట్టెలుకల టెలోమియర్లు మనవాటికంటె చాలా పొడుగు, వాటి ఆయువు మాత్రం రెండు మూడేళ్ళే.

కావున టెలోమియరు పొడుగు అన్నది ఎంత పెరిగితే అంత మేలు చేసే సొత్తు కాదు. కణం అడ్డూ ఆపూ లేకుండా పెరగకుండా, పొట్టిదయ్యే టెలోమియరు ఒక కట్టుబాటుగా కూడా పనిచేస్తున్నది. ఆయువు పెంచుతామని మాత్రలు అమ్మేవారు ఈ రెండవ సగం చెప్పరు. మనమూ చెప్పకపోతే, వారి ప్రకటనకు మన పాఠమే పునాది అవుతుంది.

పలుపుతాడు పోలికకు కూడా లోపం లేకపోలేదు. తాడు నకలు తీయబడదు, తరగదు. అందుచేత ఉపాధ్యాయులు రెండు పోలికలూ చెప్పి, ఏది ఎక్కడ తప్పుతుందో విద్యార్థులచేతనే చెప్పించడం మంచిది. పోలిక గడప వంటిది. గడప దాటించి పిల్లవాణ్ణి లోపలికి తీసుకుపోకపోతే పాఠం వాకిట్లోనే ఆగిపోతుంది. నన్ను ప్రశ్న అడిగిన ఆ విద్యార్థికి మరునాడు నేను ఇచ్చిన సమాధానం ఇదే: "నాయనా, కొస ఎంత పొడుగున్నదని కాదు, దానిని ఎవరు కాస్తున్నారని అడుగు."