మాల మాన్పించిందా, మానాలనే మాల వేశాడా?

కార్తీకం వచ్చిందంటే కదిరి, ధర్మవరం, గుత్తి వీధుల్లో నల్లబట్టల్లో, మెడలో మాలతో అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. 41 రోజుల మండల దీక్షలో మందు ముట్టరు, మాంసం ముట్టరు. ఊళ్లలో తిరిగి వివరాలు రాసుకోవడం నా పని. "మాల వేసినప్పటినుంచీ మనిషే మారిపోయినాడు సార్" అని ఇంటి ఆడవాళ్లు చెబుతుంటారు. ఆ మాట నేను నమ్ముతాను. అయినా 'భక్తి తాగుడు మాన్పిస్తుంది' అని రాయడానికి మాత్రం చెయ్యి రాదు.

పూట గడవాలంటే మందు కావాల్సిన మనిషి 41 రోజుల దీక్షకు సాహసించడం కష్టం. మానాలని ముందే మనసులో అనుకున్నవాడే మాల వేసుకుని ఉండొచ్చు కదా! పైగా నల్లబట్టల్లో ఉన్నవాణ్ని ఊరంతా "స్వామీ" అని పిలుస్తుంటే బ్రాందీ షాపు వైపు కాళ్లెలా పోతాయి? అతన్ని ఆపింది అయ్యప్ప మీది నమ్మకమా, నలుగురి కళ్లా?

మన సీమలో ఇంకో చిక్కుంది. ఈ ఊళ్ల వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. శెనక్కాయ పంట ఎండిన ఏడు మొక్కులు పెరగొచ్చు, చేతిలో డబ్బులేక తాగుడూ తగ్గొచ్చు. అప్పుడు రెండింటి వెనకా ఉన్నది కరువే. తాగేవాళ్లలో కొందరు ఆపాటికి బెంగళూరుకు వలసపోయి ఉంటే మన లెక్కలోకే రారు. పోనీ, ఏడాదికీ ఏడాదికీ పోల్చుదామా? 2019 అక్టోబరులో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. రెండుసార్లూ ఆ వెంటే దీక్షల కాలం వచ్చింది. కాబట్టి తాగుడులో మార్పు దుకాణాల వల్లో, మాల వల్లో తేలదు.

ఇలాంటి ముడిని చక్కగా విప్పిన పరిశోధన ఒకటుంది. 2006 హజ్ యాత్రకు పాకిస్తాన్ ప్రభుత్వం డ్రా తీసింది. పేరు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ కలిపి 1,600 మందికి పైగా క్లింగింగ్‌స్మిత్, ఖ్వాజా, క్రెమర్ అనే పరిశోధకులు ప్రశ్నించారు. అందరూ వెళ్లాలనుకున్నవాళ్లే, తేడా అదృష్టానిదే. వెళ్లొచ్చినవాళ్లలో నమాజు, ఉపవాసాలు పెరిగాయి, తాయెత్తుల మీద నమ్మకం తగ్గింది. పరమతస్థుల పట్ల ఓర్పు, ఆడపిల్లల చదువు పట్ల సుముఖత కూడా పెరిగాయి. 2009లో అచ్చయిన ఆ వ్యాసాన్ని నా విద్యార్థులందరితో చదివిస్తాను.

మాలకు డ్రా లేదు. అందుకే సర్వేకు వెళ్లే పిల్లలకు నా మనవి: మాల వేసినవాణ్నే కాదు, వేయాలనుకుని ఏ కారణంచేతో ఆగిపోయినవాణ్నీ అడగండి. తాగుడు తగ్గింది మాలకు ముందా, తర్వాతా అని అడగండి. ఉగాదికి మళ్లీ వెళ్లి, ఈసారి భార్యనూ అడగండి. అంతవరకూ 'కారణం' అన్న మాట రాయకండి.