ప్రకృతి కవి – గొర్రెల కాపరి

భావకవిత్వాన్ని గూర్చి పాఠం చెప్పేటప్పుడు వర్డ్స్‌వర్త్ పేరు ఎత్తకుండా ఉండలేము. రాయప్రోలు, కృష్ణశాస్త్రి ప్రభృతులు ఇంగ్లీషు కాల్పనిక కవులను ప్రీతితో చదివినవారు. ప్రకృతిని పలకరించటం, ఏకాంతాన్ని కీర్తించటం వారివద్ద కొంత నేర్చుకున్నవారు. ఆ సందర్భంలోనే ఒకనాడు తరగతిలో ఉత్తర ఇంగ్లండులోని సరస్సుల సీమను, అక్కడి కొండలను, కొండల నడుమ ఒదిగిన చిన్న చిన్న ఊళ్ళను నాకు చేతనైనంత అందంగా వర్ణించాను. పాడేరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థి ఒకడు వెనుక బల్లమీద నుంచి లేచి, "మాస్టారూ, ఆ కొండలమీద వాళ్ళు ఏం పండిస్తారండీ?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోయి ఆలోచిస్తే తెలిసింది, నా దగ్గర సమాధానం లేదని. కొండల్లో పుట్టినవాడు కొండ మాట వినగానే అడిగే మొదటి ప్రశ్న అది. పదేళ్ళుగా పాఠం చెబుతూ నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు.

ప్రశ్న వ్యవసాయానిదే కాదు, సాహిత్య విమర్శది కూడా. కొండను వర్ణించిన కవిత్వంలో కొండమీద బతికే మనిషికి చోటున్నదా? ఉంటే ఏ చోటు? వర్డ్స్‌వర్త్ కవిత్వాన్ని ఈ ప్రశ్నతో చదివితే మనకు ఒకరు కాదు, ఇద్దరు కవులు కనిపిస్తారు.

ముందు ఆ సీమ సంగతి. పూర్వం కంబర్లండ్, వెస్ట్‌మోర్లండ్ అనే కౌంటీలు, లాంకషైర్ ఉత్తర భాగం కలిసినదే సరస్సుల సీమ. 1974లో వీటిని కలిపి కంబ్రియా కౌంటీ చేశారు. 2023లో పాలన కోసం మళ్ళీ రెండుగా విడగొట్టారు. ఇంగ్లండులోకెల్లా ఎత్తయిన శిఖరం స్కాఫెల్ పైక్ ఇక్కడిదే. దాని ఎత్తు 978 మీటర్లు. మన ఏజెన్సీ వాసికి అది పెద్ద కొండేమీ కాదు. కాని ఎడతెగని వాన, చలి, పలచని మన్ను. పై కొండల్లో పండేది గడ్డి ఒక్కటే. ఆ గడ్డిమీద బతికేవి హెర్డ్‌విక్ జాతి గొర్రెలు. వాటిమీద బతికేవాడు కాపరి. కంచె లేని ఉమ్మడి కొండలో ఏ మంద ఏ భాగంలో మేయాలో ఆ మందకే తెలుసు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. ఒకసారి మంద పోతే, ఆ తెలివి కూడా దానితోనే పోతుంది. దిగువన కొండవాలు మీదుగా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు మైళ్ళ పొడుగునా కనిపిస్తాయి. ఒకప్పుడు అడవిగా ఉన్న కొండలు నేడు నున్నగా, పచ్చగా కనిపిస్తున్నాయంటే, అది తరతరాల మేత వల్లా మనిషి చాకిరీ వల్లా అయినదే. యాత్రికుడు ప్రకృతి అని మెచ్చుకునేదానిలో సగం కాపరి చేతిపని.

ఈ సంగతి వర్డ్స్‌వర్త్‌కు తెలియదా? బాగా తెలుసు. ఆయన 1770లో కాకర్‌మత్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి ఆ ప్రాంతపు మహా భూస్వామి లౌదర్ వద్ద న్యాయ వ్యవహారాలు చూసే ఉద్యోగి. 1783లో తండ్రి చనిపోయేనాటికి ఆ ప్రభువు ఆయనకు ఇవ్వవలసిన బాకీ నాలుగు వేల పౌండ్లకు పైన ఉన్నది. పిల్లలు ఎంత తిరిగినా ఆయన ఇవ్వలేదు. 1802లో ఆయన చనిపోయిన తర్వాత గాని వారసుడు ఆ బాకీ తీర్చలేదు. భూస్వామి చేతిలో చిన్నవాడి గతి ఏమిటో కవికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

1799 చివర చెల్లెలు డొరొతీతో కలిసి ఆయన గ్రాస్మియర్ గ్రామంలో కాపురం పెట్టాడు. మరుసటి సంవత్సరం రాసిన 'మైకేల్' కావ్యం నా దృష్టిలో ఆయన ప్రతిభకు గీటురాయి. కథ చిన్నది. మైకేల్ ముసలి కాపరి. తాతల నాటి చెక్క ఆయనది. కాని చేతికి వచ్చేనాటికి దానిమీద అప్పు ఉన్నది. నలభై ఏళ్ళు వచ్చేవరకు అందులో సగమే తనది. రెక్కలు ముక్కలు చేసుకుని విడిపించుకున్నాడు. భార్య ఇసబెల్ ఇంట్లో రెండు రాట్నాలు – ఒకటి ఉన్నికి, ఒకటి అవిసె నారకు. లేకలేక కలిగిన కొడుకు లూక్. అంతలో, ఎప్పుడో సోదరుని కొడుక్కి జామీను ఉన్న పాపానికి, ఆస్తిలో సగానికి దగ్గరగా చెల్లించవలసి వచ్చింది. భూమి అమ్మటానికి మనసొప్పక కొడుకును పట్నంలో వ్యాపారం చేసే బంధువు వద్దకు పంపాడు. వెళ్ళేముందు కొడుకు చేత గొర్రెల దొడ్డికి మొదటి రాయి వేయించాడు. కొడుకు పట్నంలో చెడి, సముద్రాలు దాటి పోయాడు. తండ్రి దొడ్డి పూర్తికాకుండానే చనిపోయాడు. ఇసబెల్ కూడా పోయిన తర్వాత భూమి పరాయివాడి చేతికి పోయింది. ఇల్లు ఉన్నచోట నాగలి నడిచింది.

ఇందులో ప్రకృతి వర్ణన లేదా? ఉన్నది. కాని ప్రతి గాలీ, ప్రతి మబ్బూ పనితో ముడిపడి ఉన్నవి. దక్షిణపు గాలి వినిపిస్తే మైకేల్‌కు కవిత్వం రాదు. మందను కాచుకోవలసిన వేళ వచ్చిందని తెలుస్తుంది. కొండమీద ప్రేమ అతనికి చాకిరీలో నుంచి పుట్టింది. జామీను, అప్పు, రాట్నం – ఈ మూడు మాటలను అంతటి గంభీరమైన ఛందస్సులోకి తెచ్చి, ఒక కాపరి దుఃఖాన్ని రాజుల విషాదంతో సమానంగా నిలబెట్టటం 1800 నాటికి సాహసమే.

ఆ కావ్యం ఉన్న సంపుటిని 1801 జనవరిలో రాజకీయ నాయకుడు చార్ల్స్ జేమ్స్ ఫాక్స్‌కు పంపుతూ కవి ఒక లేఖ రాశాడు. సొంత చెక్క ఉన్న చిన్న రైతుల వర్గం ఈ సీమలో వేగంగా అంతరిస్తున్నదనీ, ఆ భూమే వారి కుటుంబ బంధాలను కట్టి ఉంచుతున్నదనీ, కార్ఖానాల విస్తరణ కుటుంబ జీవితాన్ని దెబ్బతీస్తున్నదనీ ఆయన వాపోయాడు. కనుక కావ్యం వెనుక ఉన్న సామాజిక కారణాలు కవికి స్పష్టంగా తెలుసు. అయితే కావ్యంలోకి వచ్చేసరికి దోషమంతా పట్నం మీదా, కుర్రవాడి నడవడి మీదా పడుతుంది. లూక్ పట్నంలో ఏ పని చేశాడు, ఎవరు చేయించుకున్నారు, ఎందుకు పారిపోయాడు – కవి కొన్ని పంక్తులలో దాటేస్తాడు. మన కథల్లో కూడా "పట్నం పోయి చెడిపోయాడు" అనే మాటతో ఎందరు కథకులు బరువు దించుకోలేదు! వర్డ్స్‌వర్త్ చూపు కొండ దిగిన తర్వాత మసకబారుతుంది. ఇది కావ్యానికి లోపమే. కాని కొండమీద ఆయన చూసినది చూసినంతవరకు నిజం.

రెండో కవిని చూడాలంటే డొరొతీ దినచర్య పక్కన పెట్టుకుని చదవాలి. 1800లో అన్నాచెల్లెళ్ళకు దారిలో ఒక ముసలివాడు ఎదురైనాడు. జలగలు పట్టి అమ్మటం అతని వృత్తి. నూరు జలగలు ఒకప్పుడు రెండున్నర షిల్లింగులు, ఇప్పుడు ముప్పై. కాని దొరకటం లేదు. పదిమంది పిల్లల్లో ఒక్కడే మిగిలాడు. వృత్తి సాగక బిచ్చమెత్తుకుంటున్నాడు. నాలుగు భక్తి పుస్తకాలు కొని అమ్ముకోవాలని కార్లైల్ పట్టణానికి పోతున్నాడు. డొరొతీ ఇవన్నీ ఉన్నవి ఉన్నట్లు రాసుకున్నది. రెండేళ్ళ తర్వాత అన్న రాసిన పద్యంలో ఆ ముసలివాడు ఇంకా మడుగు ఒడ్డున జలగల కోసం వెతుకుతూనే ఉంటాడు. జలగలు తగ్గాయని ఒప్పుకుంటాడు గాని ధైర్యం విడవడు. కవి తన దిగులు మరచిపోయి ఊరట పొందుతాడు. పద్యం గొప్పదే. కాని ధర పోయింది, బిచ్చం పోయింది. పేదవాడి కష్టం కవి మనశ్శాంతికి సాధనమైంది.

అందరికీ తెలిసిన డాఫొడిల్ పూల పద్యం సంగతీ అంతే. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చూశారు. 1807లో అచ్చయిన పద్యంలో కవి ఒంటరి. పక్కన నడిచిన మనిషినే తీసేయగలిగిన ఏకాంతానికి, కొండమీది కాపరిని తీసేయటం ఎంత పని? మన భావకవులకు ఎక్కువగా నచ్చినది ఈ ఏకాంతమే. 'మైకేల్' మన కవిత్వంమీద వేసిన ముద్ర అంతగా కనిపించదు.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. బాకీ ఎగవేసిన ఆ లౌదర్ వంశపు వారసుని ప్రాపకంతోనే 1813లో కవికి వెస్ట్‌మోర్లండ్ స్టాంపుల పంపిణీ ఉద్యోగం వచ్చింది. 1818 ఎన్నికల్లో ఆయన ఆ వంశం తరఫున కరపత్రాలు రాశాడు. 1843లో ఆస్థానకవి అయినాడు. 1844లో కెండల్ నుంచి విండర్మియర్‌కు రైలు వేస్తామన్నప్పుడు ఒక సానెట్టూ, పత్రికకు రెండు లేఖలూ రాసి ఎదిరించాడు. పర్వత సౌందర్యాన్ని ఆస్వాదించే శక్తి పుట్టుకతో రాదనీ, సంస్కారంతో క్రమంగా అలవడుతుందనీ, కూలీలను, చిన్న దుకాణదార్లను గుంపులుగా తీసుకురావటం వల్ల వారికి మేలు కలగదనీ ఆయన వాదం. పల్లె మనిషి హృదయమే కవిత్వానికి మూలమని 1800లో ప్రకటించిన నోరే ఈ మాట అన్నది! సట్టా వ్యాపారుల చేతిలో కొండలు పాడవుతాయన్న ఆయన భయం అబద్ధం కాదు. అందమైన చోటు అందరి సొత్తు అని ఆయనే మరొకచోట అన్న మాట తర్వాతి రక్షణోద్యమానికి బలమిచ్చింది కూడా. కాని ఆ 'అందరి'లో నేతకార్మికుడు లేడు.

రైలు 1847లో వచ్చింది. కొండ వాసి బతుకును మార్చినది రైలు ఒక్కటే కాదు. మాంచెస్టరు నగరానికి నీళ్ళ కోసం థర్ల్‌మియర్‌ను జలాశయం చేశారు. 1894లో నీరు నగరం చేరింది. 1930లలో హాస్వాటర్ జలాశయం కింద మార్డేల్ గ్రామం మునిగింది. నీరు బాగా తగ్గిన ఏళ్ళలో ఆ ఊరి గోడలు ఇప్పటికీ పైకి తేలుతాయి. 1951లో సరస్సుల సీమ జాతీయ ఉద్యానవనమైంది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ నివసించేవారు దాదాపు 40 వేలు. ఏటా చూడవచ్చేవారు కోటికి పైన. ధనికులు సెలవుల కోసం ఇళ్ళు కొనటంతో, పుట్టిన ఊళ్ళో కుర్రవాడికి ఇల్లు అందని ధర అయింది. 2001లో గాళ్ళ జబ్బు వచ్చినప్పుడు బ్రిటన్‌లో బయటపడిన సుమారు 2 వేల కేసుల్లో దాదాపు 900 కంబ్రియావే. మందలకు మందలు చంపి కాల్చవలసి వచ్చింది. మైకేల్ భూమి ఒకసారి కాదు, పలుసార్లు పరాయి చేతికి పోయింది.

అయితే అక్కడి మనుషులు మౌనంగా లేరు. నార్మన్ నికల్సన్ (1914–1987) మిల్లమ్ అనే చిన్న పట్నంలో దాదాపు జీవితమంతా గడిపి, కొండలతోపాటు అక్కడి ఇనుప కార్ఖానాను, 1968లో అది మూతపడటాన్ని కవిత్వం చేశాడు. తరతరాల కాపరి కుటుంబంలో పుట్టిన జేమ్స్ రీబాంక్స్ 2015లో రాసిన 'ది షెపర్డ్స్ లైఫ్' ఒక బడి ముచ్చటతో మొదలవుతుంది. ఉపాధ్యాయురాలు సరస్సుల సీమను గూర్చి ఎంతో గొప్పగా మాట్లాడింది. ఆ మాటల్లో కవులున్నారు, కొండలెక్కే యాత్రికులున్నారు, అతని తాత లేడు. అది చదివినప్పుడు నా తరగతి గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. రెండు వందల ఏళ్ళ తర్వాత కాపరి తానే కలం పట్టవలసి వచ్చింది.

గొర్రెలు కొండలను బోడి చేశాయనీ, అడవిని తిరిగి పెంచాలనీ వాదించే పర్యావరణవేత్తలున్నారు. వారి మాటలోనూ నిజం ఉన్నది. కాని ఆ చర్చ సైతం కాపరిని ఎదుట కూర్చోబెట్టుకుని జరగాలి. అతడు లేనట్లు కాదు.

వర్డ్స్‌వర్త్‌ను అభివృద్ధి నిరోధకుడని ఒక్క మాటతో తోసేసే విమర్శ మనలో లేకపోలేదు. ప్రకృతి పూజారి అని హారతి పట్టే విమర్శా ఉన్నది. రెండూ 'మైకేల్' చదవని విమర్శలే. పనినీ, అప్పునూ చూసినప్పుడు ఆయన గొప్పవాడు. మనిషిని తుడిచి కొండను మిగిల్చినప్పుడు ఆయన చిన్నబోయాడు. వారసత్వంగా మనం ఏది తీసుకున్నామో లెక్క చూసుకోవాలి. నేడు వంజంగి మబ్బుల మీద, అరకు లోయ మీద వస్తున్న పద్యాల్లో అల్లం ఉన్నదా, పసుపు ఉన్నదా, కాఫీ గింజ ధర ఉన్నదా? సంతకు నడిచి వచ్చిన మనిషి ఉన్నాడా, లేక మబ్బు ఒక్కటే ఉన్నదా?

ఈ ఏడు తరగతిలో పూల పద్యానికి ముందు 'మైకేల్' కథ చెప్పాను. ఆ కొండమీద గడ్డి పండుతుందనీ, దాన్ని గొర్రె తింటుందనీ, గొర్రెను అమ్మి అప్పు తీర్చాలనీ చెప్పాను. ఆ విద్యార్థి కాసేపు ఆలోచించి, "అయితే ఆ భూమి కొన్నవాడెవరండీ?" అన్నాడు. కావ్యంలో కవి ఆ పేరు చెప్పలేదు. విమర్శకుడు అక్కడినుంచి మొదలుపెట్టాలి.