గాడి అంచున

పోయిన వారం మా ల్యాబ్‌కి ఒక గోనెసంచి వచ్చింది. ఒక భవనం ముందు గోడకు గ్రానైట్ పలకల్ని మోసిన స్టీల్ క్లాంపులు, పన్నెండు. కొన్ని వంగాయి. రెండింటికి బోల్టు రంధ్రం చుట్టూ తుప్పు తినేసింది. కొత్తగా చేరిన కుర్రాడు వైర్ బ్రష్ అందుకోగానే చెయ్యి పట్టుకుని ఆపాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే ఒక ముక్కని తళతళలాడేలా తోమాను. పగుల్లో ఇరుక్కున్న తుప్పే అది పాత పగులని చెప్పే సాక్ష్యం. సింకులో కొట్టుకుపోయింది. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లే.

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక దాదాపు 45 కిలోలు తూగుతుంది. దాన్ని పట్టి ఉంచేది అంచులో కోసిన గాడి, అందులోకి దూరిన క్లాంపు నాలుక. బరువు కిందికి లాగుతుంది, గాలి బయటికి పీకుతుంది. అందుకే క్లాంపు ఒక్కదాన్నే యూటీఎం (లాగి బలం కొలిచే యంత్రం) దవడల్లో బిగించి లాగితే చాలదు. ఆ గోడ రాయే కావాలి, అదే గాడి ఉండాలి, గాలి పీకే దిక్కుకే లాగాలి. ఉక్కు తెగేముందు చెబుతుంది, గ్రాఫ్ గీత మెల్లగా వాలుతుంది. రాయి చెప్పదు. గీత నిటారుగా ఎక్కుతూ ఎక్కుతూ ఠప్పున తెగుతుంది, గాడి పక్క అంచు పెచ్చుగా ఊడిపోతుంది.

పైగా రాయి బిగించిన నాటి బలంతోనే ఉండిపోదు. చికాగోలో 83 అంతస్తుల అమోకో భవనానికి ఇటలీ నుంచి తెచ్చిన కరారా పాలరాయి తొడిగారు, సుమారు 43,000 పలకలు. పాలరాయిలోని కాల్సైట్ రేణువులు వేడికి ఒక దిక్కుకు సాగి, మరో దిక్కుకు ముడుచుకుంటాయి. అలా ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి సడలించుకున్నాయి. పలచని పలకలు వంపు తిరిగాయి. 1985 తనిఖీలో పగుళ్లు, వంపులు బయటపడ్డాక స్టీల్ పట్టీలతో అదిమి పట్టారు. చివరికి 1990-92లో మొత్తం విప్పి తెల్ల గ్రానైట్ వేశారు. ఖర్చు 8 కోట్ల డాలర్ల పైమాటే.

సంచి తెచ్చిన ఇంజనీరు గారు సగటు బలం ఎంతొచ్చిందని అడిగారు. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె చూపించి, ఇవి ఏ అంతస్తువి సార్ అన్నాను. అన్నీ కింది అంతస్తువేనట, నిచ్చెనకు అందినవి. గాలి ఎక్కువగా పీకేది పైమూలల్లో. అక్కడివి విప్పి, తోమకుండా, పక్కనున్న రాతిముక్కతో సహా తెమ్మన్నాను. సోమవారం క్రేడిల్ కట్టిస్తానన్నారు.